ఒక్క గంట కొడితే ఆగాలి

సెంటినరీ కాలనీ,
శ్రావణ శుక్రవారం.

చి.ల.సౌ. మేనకోడలికీ, అల్లుడు గారికీ మీ మామ దీవించి రాయునది.

ఇక్కడ ముసురు పట్టి వదలడం లేదు. ఓపెన్‌కాస్టు క్వారీల్లో బొగ్గు కన్నా నీళ్లే ఎక్కువ తోడుతున్నారని మా దోస్తులు నవ్వుతున్నారు. శ్రావణం కదా, రామగిరి ఖిల్లా ఎక్కేవాళ్లతో బేగంపేట తోవంతా సందడిగా ఉంది. మీ అత్తమ్మ కూడా పోదామంది గానీ ఆమె మోకాళ్లు ఒప్పుకోలేదు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. సెప్టెంబరులో మీరిద్దరూ క్యారవాన్ అద్దెకు తీసుకుని, కారు వెనక తగిలించుకుని, పెర్త్ నుంచి పినకల్స్ ఎడారికి పోతున్నారట. "పెండ్లయి రెండేండ్లు కాలే, ఇల్లు వెనుక కట్టుకొని ఎడారికి పోవుడేందన్నా? జర నువ్వన్న చెప్పి ఆపు" అంది. నేను ఆపను. పోయి రండనే చెబుతాను. అయితే ఎట్లా పోవాలో కొన్ని మాటలు చెప్పాలి. ఫోన్లో చెబితే "సరే మామా" అని ఊకొట్టి మరచిపోతారు, అందుకే కాగితం పట్టాను. ఇద్దరూ కలిసి ఒకసారి, విడివిడిగా ఒకసారి చదవండి.

క్యారవాన్ నేనెన్నడూ లాగలేదు. తగిలించడం, విప్పడం మీకు అద్దెకిచ్చేవాళ్లు చూపిస్తారు. నాకు తెలిసిన పని వేరు. మనుషుల కోసం తయారుకాని చోటికి మనుషుల్ని తీసుకుపోయి, అందరినీ తిరిగి పైకి తీసుకురావడం నా పని. ముందు సర్దార్‌గా, తర్వాత ఓవర్‌మన్‌గా సింగరేణి నాతో చేయించింది అదే. బొగ్గుబాయి అయినా ఎడారి అయినా ఆ పనిలో కొన్ని పద్ధతులు మారవు.

ముందు మీరు చూడబోయే రాళ్ల సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతా సలహా అంతా అక్కడినుంచే వస్తుంది. పెర్త్‌కు ఉత్తరాన సుమారు 200 కిలోమీటర్ల దూరంలో సెర్వాంటెస్ అనే చిన్న సముద్రతీరపు ఊరుంది. దానికి కాస్త ఇవతల, నాంబుంగ్ నేషనల్ పార్కులో, పసుపుపచ్చ ఇసుకలో వేలకొద్దీ సున్నపురాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. కొన్ని మోకాలెత్తు, కొన్ని మూడున్నర మీటర్ల దాకా. సముద్రపు గుల్లలు నలిగి సున్నపు ఇసుక అయింది. గాలి ఆ ఇసుకను ఒడ్డు దాటించి దిబ్బలు పోసింది. వాన నీరు దిబ్బల్లోకి ఇంకుతూ పైనున్న సున్నాన్ని కరిగించి కింద మళ్లీ పేర్చింది. వదులు ఇసుక అతుక్కుని రాయి అయింది. ఆ రాతిలోకి చెట్ల వేళ్లు దిగి పగుళ్లు తీశాయి, పగుళ్ల వెంట నీరు తినేసిందంతా పోయి గట్టిది మిగిలింది. చివరికి గాలే పైనున్న ఇసుకను ఎత్తుకుపోయి స్తంభాలను బయటపెట్టింది. చెట్ల మొదళ్ల చుట్టూ సున్నం గడ్డకట్టడం వల్లే ఆ ఆకారం వచ్చిందని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఏ వాదన నిలిచినా ముడిసరుకు గుల్లల సున్నమే. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో కాలేదీ సున్నపురాయే, కాకపోతే వయసులో చాలా పెద్దది.

ఆ స్తంభాల వయసు వేల ఏళ్ల లెక్కే. రాళ్ల లెక్కలో అది పసితనం. నేను రోజూ చూసే బొగ్గు సుమారు 28 కోట్ల ఏళ్లనాటిది. పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి మూలన నూంగర్ ప్రజలు 40 వేల ఏళ్లకు పైగా ఉంటున్నారు. పినకల్స్ ఉన్నది వాళ్లలో యూయెడ్ శాఖవాళ్ల గడ్డ మీద. బయటి ప్రపంచం మాత్రం 1960ల చివరిదాకా ఆ చోటును పెద్దగా పట్టించుకోలేదు.

బిడ్డా, నువ్వు మన కాలనీలోని జేఎన్‌టీయూ కాలేజీలో చదివేటప్పుడు, బొగ్గు పొర మీది షేల్‌లో దొరికిన ఆకు ముద్ర ఒకటి చూపించాను, గుర్తుందా? నాలుక ఆకారంలో, నడిమి ఈనె స్పష్టంగా కనబడుతూ ఉంటుంది. అది గ్లాసాప్టెరిస్ అనే చెట్టు ఆకు. ఇండియా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే గోండ్వానా ఖండంగా ఉన్న రోజుల్లో చిత్తడి అడవుల్లో పెరిగింది. పెర్త్‌కు దక్షిణాన ఉన్న కొలీ బొగ్గుగనులు కూడా ఆ కాలానివే, ఆ చెట్ల అడవులవే. మన పక్కనున్న అడ్రియాల లాంగ్‌వాల్ గనికి రాతి పొరల అధ్యయనం చేసిపెట్టిందీ ఆస్ట్రేలియా వాళ్ల సీఎస్ఐఆర్ఓ సంస్థే. కాబట్టి పరాయి దేశం రాళ్లను చూడబోతున్నామని అనుకోవద్దు. మీరు ఉంటున్నదీ మేము ఉంటున్నదీ విడిపోయిన ఒకే ఖండపు ముక్కల మీద.

ఈ వయసుల లెక్క ఎందుకు చెప్పానంటే, అన్ని వేల ఏళ్లు నిలబడ్డ రాయి మీరు ఒక పూట ఆలస్యంగా పోతే ఎక్కడికీ పోదు. ప్రయాణాల్లో ప్రమాదాలు చాలావరకు "ఇవాళే చూడాలి, ఈ వెలుతురులోనే చూడాలి, బుకింగ్ పోతుంది" అనే తొందరలోంచి వస్తాయి. బాయిలో కూడా అంతే. టార్గెట్ గుర్తొచ్చిన క్షణంలో కప్పు మరుపుకొస్తుంది.

ఇక అసలు మాట. భూగర్భ గనిలో టబ్బులు లాగే హాలేజీ దగ్గర గంటల భాష ఉంటుంది. ఇన్ని కొడితే లాగు, ఇన్ని కొడితే దింపు అని. నడుస్తున్నప్పుడు ఒక్క గంట కొడితే మాత్రం ఆగు. అన్నిటికన్నా పొట్టి సంకేతాన్ని ఆపడానికే ఉంచారు, ఎందుకంటే ఆపదలో ఉన్నవాడికి రెండో గంట కొట్టే వ్యవధి ఉండకపోవచ్చు. ఆ గంట కొట్టింది ఎవరని హాలర్ ఆపరేటర్ అడగడు. మేనేజరు కొట్టినా, నిన్న చేరిన బదిలీ వర్కర్ కొట్టినా తాడు ఆగాల్సిందే. కారణం తర్వాత తెలుసుకుంటారు.

మీ ప్రయాణానికి నేను పెట్టే నియమం అదొక్కటే. ఇద్దరిలో ఎవరు "ఆగు" అన్నా బండి ఆగాలి. కారణం చెప్పలేకపోయినా ఆగాలి. డ్రైవింగ్ బాగా వచ్చినవాళ్లు, రానివాళ్లు అనే తేడా ఉండకూడదు. అల్లుడు గారు గనుల్లో పనిచేస్తారు, పెద్ద యంత్రాలు చూసిన మనిషి, నీకు క్యారవాన్ కొత్త. అయినా నీ "ఆగు"కు ఆయన "ఆగు"కు ఉన్నంత బరువూ ఉండాలి.

ఇందులో ఇంకో సగం ఉంది, చాలామందికి తెలియనిది. నేను బాయిలో చేరిన కొత్తలో మాకొక సర్దార్ ఉండేవాడు. చదువు తక్కువ, చెవి మంచిది. కర్రతో కప్పు తట్టి వినేవాడు. గట్టిగా మోగితే మంచి కప్పు, బోలుగా మోగితే పొర వదిలినట్టు. ఒకరోజు మా చెవులకు మంచిగానే మోగుతున్న చోట అందరినీ వెనక్కి రమ్మన్నాడు. షిఫ్టు అయిపోయింది, కప్పు పడలేదు. మర్నాడూ పడలేదు. కొందరు కుర్రాళ్లు ఆయన్ని చూసి ముసిముసిగా నవ్వారు. అప్పుడు ఓవర్‌మన్ వాళ్లను పక్కకు పిలిచి, "ఇయ్యాల ఈయనను చూసి నవ్వితే, రేపు నిజంగ పడేముందు ఈయన నోరు తెరువడు. అప్పుడు మీకు చెప్పేదెవరు?" అన్నాడు. బాయి నాకు నేర్పిన వాటిలో దాన్ని మించింది లేదు.

అందుకే అల్లుడు గారూ, ఇది మీకు. ఆమె ఆగమన్నప్పుడు ఆగారు, దిగి చూశారు, ఏమీ లేదు. అప్పుడు "ఊరికే భయపడ్డావు" అనే మాట నోట రాకూడదు. నవ్వులాటకైనా వద్దు. బిడ్డా, నీకూ అదే మాట. ఆయన అలసటతో ఆగుదామంటే "ఇంకో గంటలో చేరతాం కదా" అనొద్దు. ఒకసారి వెక్కిరింపు తిన్న "ఆగు" రెండోసారి ఆలస్యంగా వస్తుంది, మూడోసారి రాదు.

ఇప్పుడు ఈ నియమం ఎక్కడెక్కడ పనికొస్తుందో వరసగా చెబుతాను.

అల్లుడు గారిది పిల్‌బరాలో ఉద్యోగం, 8 రోజులు గని, 6 రోజులు ఇల్లు. ఆ 6 రోజుల్లోనే ఈ ప్రయాణం. మీరు వేసుకున్న పథకంలో ఆయన విమానం దిగిన సాయంత్రమే క్యారవాన్ తగిలించుకుని బయలుదేరడం ఉందని మీ అమ్మ చెప్పింది. అది మార్చుకోండి. నైట్ షిఫ్టు దిగి బండి మీద ఇంటికొస్తూ కునుకుపాటు పడ్డవాళ్ల కథలు మన కాలనీలో ప్రతి వీధిలోనూ ఉన్నాయి. నిద్రలేని కన్ను తెరిచే ఉంటుంది, చూడదు. మొదటి రోజు పూర్తిగా నిద్రకు వదిలేయండి. చివరి రోజు బండి అప్పగించి, బట్టలు ఉతుక్కుని, మళ్లీ గనికి సర్దుకోవడానికి. మధ్యలో మిగిలేవి 4 రోజులు. అందులో పినకల్స్ ఒక్కటే హాయిగా పడుతుంది. 570 కిలోమీటర్ల దూరంలోని కాల్‌బర్రీ ఎర్రరాతి లోయలు, తూర్పున 340 కిలోమీటర్ల దూరంలో హైడెన్ దగ్గరున్న వేవ్ రాక్ కూడా జాబితాలో ఉన్నాయట. వాటిని ఇంకో సెలవుకు ఉంచుకోండి.

మొదటి రాత్రి పెర్త్‌కు దగ్గరలోనే ఏదైనా క్యారవాన్ పార్కులో గడపండి. యాంచెప్ వైపు అయితే దారిలోనే ఉంటుంది. నీళ్ల పైపు, కరెంటు తీగ, గ్యాసు, మంచం, బాత్రూమ్ అన్నీ ఆ రాత్రి ఒకసారి వాడి చూస్తే ఏది లేదో, ఏది పనిచేయదో తెలుస్తుంది. ఊరికి దగ్గరుండగా తెలిసిన లోపం పెద్ద కష్టం కాదు.

సర్దేటప్పుడు బరువు కింద, మధ్యలో, ఇరుసు మీదికి వచ్చేట్టు పెట్టాలి. క్యారవాన్ మొత్తం బరువులో సుమారు పదో వంతు కారు కొక్కెం మీద పడాలంటారు. వెనక కొసకు బరువెక్కితే బండి తోక ఊపడం మొదలుపెడుతుంది. మీ అత్తమ్మ పంపిన బియ్యం మూట, పచ్చడి జాడీలు వెనక అరలోకి తోయొద్దు. నీళ్ల ట్యాంకు కూడా బరువేనని మరువకండి, లీటరుకు కిలో. ఊగడం మొదలైతే కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి, క్యారవాన్ బ్రేకును మాత్రం చేత్తో నొక్కే మీట ఉంటుంది, దాన్ని వాడాలి. ఆ మీట ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి. క్యారవాన్ లాగేటప్పుడు అక్కడ గంటకు 100 కిలోమీటర్లు దాటరాదు. మీరు 90లోనే ఉండండి. వెనక బండ్లు బారు తీరితే పక్కకు ఆపి దారివ్వండి.

ఇండియన్ ఓషన్ డ్రైవ్ అని 2010లో పూర్తయిన రోడ్డు మిమ్మల్ని సముద్రం వెంట తీసుకుపోతుంది. అందమైన దారి, గాలి మాత్రం అడ్డంగా కొడుతుంది. ఆ తీరంలో గాలి ఎంత పంతం పడుతుందంటే, ఇంకా పైన జెరాల్డ్‌టన్ దగ్గర గ్రీనౌలో చెట్లు నేలకు ఒరిగిపోయి పెరుగుతాయి. మధ్యాహ్నం దాటాక గాలి జోరెక్కుతుంది కాబట్టి పొద్దున్నే నడిపి మధ్యాహ్నానికి చేరిపోండి. ఎండకు చాచిన పందిరి గుడ్డ కింద కూర్చోండి గానీ, దాన్ని అలాగే వదిలి ఊరు చూడ్డానికి పోవద్దు.

క్యారవాన్ వెనక్కి నడిపేటప్పుడు ఎంత అన్యోన్య దంపతులైనా పోట్లాడతారని విన్నాను. క్వారీలో డంపర్ వెనక్కి వచ్చేటప్పుడు మా పద్ధతి ఒకటుంది: దారి చూపే మనిషి డ్రైవర్‌కు కనబడకపోతే డంపర్ కదలదు. అరవడాలు ఉండవు, చేతి సైగలే. మీరూ సైగలు ముందే అనుకోండి. అద్దంలో నువ్వు కనబడకపోతే ఆయన ఆపేయాలి. ఒకసారి ఆయన నడిపితే నువ్వు చూపించు, ఇంకోసారి నువ్వు నడుపు, ఆయన చూపిస్తారు. పక్క సీట్లో మ్యాపు పట్టుకుని కూర్చోవడానికే నువ్వు పోవొద్దు. లైసెన్సు ఉంది, నేర్చుకో. ఒక్కరికే తెలిసిన పని ఆ ఒక్కరికి జ్వరం వచ్చిన రోజున ఎవరికీ రాదు.

అన్నిటికన్నా మీకు పరీక్ష పెట్టేది సాయంత్రం. పినకల్స్ పొద్దు గుంకేవేళ చూడాలని ప్రతివాళ్లూ చెబుతారు. నిజమే, పక్కనుంచి పడే ఎండకు స్తంభాల నీడలు పొడుగ్గా సాగి, ఇసుక రంగు మారుతుంది. కంగారూలు మేతకు రోడ్డెక్కే వేళ కూడా అదే. నేషనల్ పార్కులో రాత్రి బస లేదు. పొద్దు గుంకాక సెర్వాంటెస్‌కు తిరిగి రావాల్సిందే, చీకట్లో రావాల్సిందే. కాబట్టి క్యారవాన్‌ను ముందే సెర్వాంటెస్ క్యారవాన్ పార్కులో విప్పి పెట్టి, కారు ఒక్కదానితో పోండి. స్తంభాల మధ్య సుమారు 4 కిలోమీటర్ల మట్టిదారి ఉంటుంది, అది ఎట్లాగూ క్యారవాన్‌తో దిగే దారి కాదు. ముందు ఒకసారి పట్టపగలు పోయి తీరిగ్గా తిరిగి చూడండి. ఆ తర్వాత సాయంత్రం ఉండాలా వద్దా అని మాట్లాడుకోండి. ఒక్కరికి మనసొప్పకపోయినా పగటి వెలుతురులో చూసిందే చాలనుకోండి. ఉంటే మాత్రం తిరుగుదారిలో 60 దాటకండి. పక్కన కూర్చున్నవాళ్లు ఫోటోలు చూసుకోకుండా రోడ్డు అంచులు చూడాలి. జంతువు అడ్డం వస్తే స్టీరింగ్ తిప్పొద్దు, తిన్నగా పోతూనే బ్రేకు వేయండి. కంగారూను తప్పించబోయి బోల్తా పడ్డవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. రాత్రిపూట ఊరి బయట నడిపితే అద్దె బండి బీమా వర్తిస్తుందో లేదో ఒప్పందంలో చదివి పెట్టుకోండి.

ఎండ సంగతి చెబితే నువ్వు నవ్వుతావు. రామగుండం ఎండల్లో పెరిగినదాన్ని, 46 డిగ్రీలు చూసినదాన్ని అంటావు. ఇక్కడ ఎండతో పాటు నీడ ఉంది, నల్లా ఉంది, అడగకుండానే చల్ల గ్లాసు చేతిలో పెట్టే మనుషులున్నారు. వేసవిలో క్వారీ పనివాళ్లకు కంపెనీయే మజ్జిగ ప్యాకెట్లు ఇస్తుంది. అక్కడ ఆ ఏర్పాటు మీరే. సెప్టెంబరులో వాతావరణం చల్లగా, అడవి పూలతో బాగుంటుంది. సెలవు దొరక్క ప్రయాణం డిసెంబరు, జనవరికి జరిగితే మాత్రం మానుకోండి. ఏ నెలలోనైనా మనిషికి రోజుకు 4, 5 లీటర్ల నీళ్లు ట్యాంకులో కాక కారులో విడిగా ఉండాలి. బండి చెడిపోతే సాయం వెతుక్కుంటూ నడిచిపోవద్దు, బండి నీడలోనే ఉండండి. వెతికేవాళ్లకు నడిచే మనిషి కన్నా ఆగిన బండి తొందరగా కనబడుతుంది.

మా ల్యాంప్‌రూమ్ నీకు తెలుసు. లోపలికి దిగిన ప్రతివాడి క్యాప్‌ల్యాంపుకూ లెక్కుంటుంది. షిఫ్టు ముగిశాక ఒక దీపం తిరిగి రాలేదంటే మనిషి కోసం ఆరా మొదలవుతుంది. మీకూ అలాంటి ఒక మనిషి పెర్త్‌లో ఉండాలి. ఏ రోజు ఎక్కడ ఉంటారో రాసి స్నేహితుల్లో ఒకరికి ఇవ్వండి. ఎన్ని గంటలకల్లా కబురు చేస్తారో కూడా చెప్పండి. ఆ వేళ దాటితే వాళ్లు ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద ఉండాలి. ఫోన్ సిగ్నల్ ఊళ్ల మధ్య వస్తూ పోతూ ఉంటుంది. ఆపదకు అక్కడి నంబరు 000. ఆ మనిషిగా మీ అమ్మను మాత్రం పెట్టొద్దు, పది నిమిషాలు ఆలస్యమైతే ఆస్ట్రేలియా పోలీసులందరినీ లేపుతుంది.

గ్యాసు గురించి నేను నవ్వుతూ చెప్పలేను. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. బాయిలో గాలి పది లక్షల వంతులనుకుంటే అది 50 వంతులు దాటకూడదని నిబంధన. బొగ్గు దానంతటదే రాజుకునే చోట్ల మేము దాన్ని వెతుకుతూనే ఉంటాం. క్యారవాన్ అంతకన్నా చిన్న గది. చలేసిందని తలుపు, కిటికీలు బిగించి స్టౌ వెలిగించుకుని పడుకోవడం, బొగ్గుల కుంపటి లోపలికి తేవడం, ఈ రెండూ ఎన్నడూ చేయొద్దు. వంట చేస్తున్నంతసేపూ పైకిటికీ తెరిచి ఉండాలి. గాలి కోసం గోడకు పెట్టిన రంధ్రాలను చలికి గుడ్డలతో మూయొద్దు. బండి కదిలేముందు సిలిండర్ మూసేయాలి. అలారం ఉందో లేదో, మోగుతుందో లేదో మొదటి రాత్రే నొక్కి చూడండి. తల బరువెక్కి, వికారంగా అనిపిస్తే నిద్రలేమి అనుకోకుండా ఇద్దరూ బయటికి రండి.

ఇక మీ ఇద్దరి సంగతి. పెళ్లయిన దగ్గర్నుంచి మీ కాపురం ఎక్కువగా విమానాల టైంటేబుల్ మీద నడిచింది. షిఫ్టుల కాపురం నాకూ మీ అత్తమ్మకూ తెలుసు. నేను నైట్ షిఫ్టు దిగి వచ్చేసరికి ఆమె పిల్లల్ని బడికి పంపే తొందరలో ఉండేది. ఒకే క్వార్టర్‌లో ఉండి వారాలకు వారాలు సరిగా మాట్లాడుకోని రోజులున్నాయి. అలాంటివాళ్లు ఒక్కసారిగా నాలుగడుగుల వంటగదిలో రోజంతా ఎదురుపడితే ప్రేమ ఎంత వస్తుందో చిరాకూ అంతే వస్తుంది. దానికి కంగారు పడొద్దు. ఇక్కడైతే మగవాళ్లు అలిగి చౌరస్తాకు పోయి చాయ్ తాగి వస్తారు. అక్కడ చౌరస్తా లేదు గానీ సెర్వాంటెస్ పక్కన థెటిస్ అనే ఉప్పునీటి చెరువుంది. చుట్టూ ఒకటిన్నర కిలోమీటర్ల నడక. ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగితే మధ్యలో కలుస్తారు. ఒడ్డున గుండ్రటి రాతి గడ్డలు కనబడతాయి. అవి సూక్ష్మజీవులు సుమారు 3,500 ఏళ్లుగా కట్టుకుంటూ వచ్చినవి. భూమి మీద జీవం మొదలైన కాలంలో సముద్రాల నిండా ఆ పని చేసిన జీవుల జాతి ఇప్పటికి మిగిలిన కొద్ది చోట్లలో అదొకటి. చెక్క బాట మీదినుంచే చూడండి, కాలు పెట్టొద్దు.

పినకల్స్ రాళ్ల విషయంలోనూ అంతే. స్తంభాలెక్కి ఫోటోలు దిగడం, చిన్నముక్క జేబులో వేసుకోవడం, పేర్లు గీయడం వద్దు. మన కోటల గోడల మీద ప్రేమికుల పేర్లు చదివి నువ్వెంత తిట్టుకునేదానివో నాకు గుర్తుంది. పైగా అది సున్నపురాయి, గట్టిగా కనబడుతుంది గానీ అంచులు విరుగుతాయి.

తిండికి ఇబ్బంది పడొద్దు. కరెంటు ఉన్న చోటు బుక్ చేసుకుంటే రైస్ కుక్కర్ నడుస్తుంది. పచ్చిపులుసు, సకినాలు, మామిడి తొక్కు ఉంటే నాలుగు రోజులు ఇట్టే గడుస్తాయి. సెర్వాంటెస్ బతికేది రాక్ లాబ్‌స్టర్ల వేట మీద. ఒక పూట అక్కడివాళ్ల వంట తినండి, పడవలవాళ్లతో మాట్లాడండి. ఊరు చూడటమంటే అక్కడి మనుషులు ఏ పని చేసి బతుకుతున్నారో చూడటం. సెప్టెంబరు ఆఖర్లో అక్కడ బడి సెలవులు మొదలవుతాయి, అప్పుడు క్యారవాన్ పార్కుల్లో చోటు దొరకడం కష్టం. ముందే చూసుకోండి.

చివరగా ఒక మాట, ఇది ఈ ప్రయాణంతో అయిపోయేది కాదు. 8 రోజులు గని, 6 రోజులు ఇల్లు అనే బతుకు కొన్నేళ్లు బాగుంటుంది. జీతం బాగుంటుంది, అప్పులు తీరుతాయి, ఇల్లు కొంటారు. ఏదో ఒక రోజు మీ ఇద్దరిలో ఒకరికి చాలనిపిస్తుంది. అది మాటల్లో సరిగా చెప్పడం చేతకాకపోవచ్చు, కారణాలు అడిగితే తడబడవచ్చు, అవతలివాళ్ల లెక్కలకు నిలబడకపోవచ్చు. ఆ రోజు కూడా ఒక్క గంటకే ఆగండి. ఈఎమ్ఐ లెక్కలు, వీసా లెక్కలు ఆగిన తర్వాత చూసుకోవచ్చు. అంత పెద్ద "ఆగు" చెప్పే ధైర్యం ఒక్కరోజులో రాదు. రోడ్డు మీద, వెనక్కి నడిపేటప్పుడు, సాయంత్రం వెలుతురు పోతున్నప్పుడు చెప్పిన చిన్న చిన్న "ఆగు"లను అవతలి మనిషి మన్నించి ఉంటేనే వస్తుంది. క్యారవాన్ అద్దెకు మీరు పెట్టే డబ్బుకు నాకు కనబడే అసలు లాభం ఆ అలవాటే.

మీ అత్తమ్మ ఆశీస్సులు చెప్పమంది. వచ్చే వారం పార్సిల్‌లో సర్వపిండికి బియ్యప్పిండి, కారం పంపుతున్నాం. క్యారవాన్‌లో ముందువైపు, కింది అరలో పెట్టుకోండి.

ఇట్లు,
మీ మామ.